బ్యాంకు పనులకు సొంత ప్లీడరు ఉండాలా? పలాస నుంచి నా అనుభవం

మాది పలాస దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీ. పిక్కలు కొనడానికి సీసీ లోన్ (క్యాష్ క్రెడిట్, అవసరమైనప్పుడు తీసుకుని కట్టుకునే అప్పు) లేకపోతే సీజన్ నడవదు, అందుకే బ్యాంకు వ్యవహారాలు చూసే ఒక ప్లీడరు గారిని శ్రీకాకుళంలో చాలా ఏళ్లుగా పెట్టుకున్నాం. ఇంత ఫీజు దండగ కదా అనేవాళ్లు మా వైపు ఎక్కువ, వాళ్ల కోసమే రాస్తున్నాను.

లోన్ పెట్టినప్పుడు లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే ధ్రువపత్రం) చూసి లీగల్ ఒపీనియన్ ఇచ్చే ప్యానెల్ అడ్వొకేటు ఉంటారు కదా, ఆయన ఫీజు మన ఖాతాలోంచే పోతుంది, కానీ ఆయన బ్యాంకు తరఫు మనిషి. తాకట్టు గట్టిగా ఉందా లేదా అన్నదే ఆయన చూస్తారు. సంతకం పెడితే మన మీద ఏం పడుతుందో చెప్పడానికి మనకంటూ ఒకరు కావాలి. మా ప్లీడరు గారు శాంక్షన్ లెటర్‌ను పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదువుతారు. ఓసారి మా బావమరిది గ్యారంటీ దగ్గర ఆగి, "బాబూ, హామీ అంటే సాక్షి సంతకం కాదు, అప్పు మీదెంతో ఆయనదీ అంతే, మిమ్మల్ని వదిలేసి నేరుగా ఆయన మీదకే వెళ్లొచ్చు, ఇంట్లో చెప్పారా?" అని అడిగారు. బ్యాంకులో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చాక మాత్రం ఆయన లేకపోతే ఏమైపోయేవాళ్లమో. చెట్లు కూలి, కరెంటు లేక, సరుకు తడిసి బ్యాంకుకు కట్టాల్సినవి ఆగిపోయాయి. 90 రోజులు దాటేసరికి ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయింది, వెనకే సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే చట్టం) కింద 13(2) నోటీసు, బాకీ కట్టడానికి 60 రోజుల గడువు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఆయన నోటీసులోని ఆస్తుల జాబితా చూసి, ఫ్యాక్టరీతో పాటు జీడితోట కూడా రాసేశారని పట్టుకున్నారు. వ్యవసాయ భూమి మీద ఆ చట్టం వాడకూడదని సెక్షన్ 31లో ఉందట. అయితే రికార్డులో ఉంటే చాలదు, సాగు జరుగుతున్నట్టు చూపించాలని అడంగల్, 1బి అనే భూమి రికార్డులతో పాటు కూలిన మొదళ్ల పక్కన మేం కొత్తగా నాటిన మొక్కల ఫొటోలు కూడా తెప్పించి అభ్యంతరం పెట్టారు. అభ్యంతరం ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో బ్యాంకు 15 రోజుల్లో రాసివ్వాలి. తోటను జాబితాలోంచి తీసేశారు, అప్పు రీస్ట్రక్చర్ అయింది (కట్టే షరతులు మార్చారు), విశాఖ డీఆర్‌టీ (బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్) గడప ఎక్కే పని పడలేదు.

బాగోలేనివీ ఉన్నాయి. ఫోన్ ఎత్తరు. మొత్తం ఎంతవుతుందో ముందే చెప్పరు, పని సాగేకొద్దీ అడుగుతారు, చిన్న యూనిట్ల వాళ్లకు అది భారమే. నన్నడిగితే ఏడాది పొడవునా పెట్టుకోలేనివాళ్లు కూడా కనీసం తాకట్టు, గ్యారంటీ కాగితాల మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి చూపించుకోండి.

ఈమధ్య మా తమ్ముడి ఇంటి లోన్ తీరిపోయినా బ్యాంకు ఒరిజినల్ పత్రాలు ఇవ్వకుండా తిప్పింది. 30 రోజుల్లో ఇవ్వకపోతే, ఆలస్యం బ్యాంకుదే అయితే, రోజుకు 5,000 రూపాయల చొప్పున కట్టాలని 2023 డిసెంబరు నుంచి రిజర్వ్ బ్యాంకు రూలు అమల్లో ఉంది. ప్లీడరు గారు ఆ రూలు పెట్టి ఒక పేజీ ఉత్తరం రాశారు, ఆ వారంలోనే పత్రాలు చేతికొచ్చాయి.