పనస చెక్క టెలికాస్టర్, దాని మూడో తీగ: చాలాకాలం వాయించాక నా అభిప్రాయం

ఈ గిటార్ గురించి ఎవరడిగినా నేను ముందు మూడో తీగ (అన్నిటికంటే సన్న తీగ నుంచి లెక్కపెడితే మూడోది) సంగతే చెప్తాను. నన్ను బాగా ఏడిపించిందీ అదే, ఇప్పుడు రోజూ గిటార్ చేతిలోకి తీసుకునేలా చేస్తున్నదీ అదే. బాడీ పనస చెక్కతో ఇక్కడే విశాఖలో కోయించాను, సాన పట్టడం, ఫ్రెంచ్ పాలిష్ వేయడం, వైరింగ్ అన్నీ ఇంట్లోనే. నెక్, అంటే వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగం, మాత్రం రెడీమేడ్‌గా కొన్న మేపుల్‌ది. ఆకారం ఫెండర్ కంపెనీ టెలికాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌ది, స్కేలు (మోగే తీగ పొడవు) 25.5 అంగుళాలు, తీగలు 10-46 సెట్టు (సన్నది 0.010, లావుది 0.046 అంగుళం). మిగతాదంతా ఆ మోడల్ వాయించేవాళ్లకు తెలిసిందే.

టోన్ విషయంలో నెక్ పికప్ (తీగ అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్టల్లో నెక్ పక్కనుండేది) క్లీన్ సౌండంటే నాకు ప్రాణం. టోన్ నాబ్ సగానికి తిప్పి, ప్లెక్ట్రమ్ పక్కన పెట్టి బొటనవేలితో మీటితే మంద్రంలో నిండుగా పలుకుతుంది, నాదం ఆగకుండా చాలాసేపు నిలబడుతుంది. బొబ్బిలి వీణను పనస దుంగ తొలిచే చేస్తారు కాబట్టి కొత్తలో వచ్చినవాళ్లందరికీ ఇదంతా పనస మహిమే అని గర్వంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట కొంచెం తగ్గించి చెప్తున్నాను. వీణ కుండ బోలుగా ఉంటుంది, ఇది గట్టి చెక్క, పైగా శబ్దం వచ్చేది పికప్ నుంచి. నెక్ పికప్‌ను ఓ మిల్లీమీటరు కిందికి దించినప్పుడు వచ్చిన మార్పు ముందు చెక్క గురించి ఏం మాట్లాడినా చిన్నదే. పికప్ మరీ పైకి ఉంటే దాని అయస్కాంతం తీగ ఊపును లాగేస్తుంది, ఆరో తీగ పన్నెండో ఫ్రెట్ (నెక్ మీది లోహపు మెట్టు) దాటాక రెండు స్వరాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నట్టు వినిపిస్తుంది. దించాక అది పోయింది, వాల్యూమ్ కాస్త తగ్గింది, ఆ తగ్గింది ఆంప్‌లో పెంచుకుంటే సరిపోయింది. చెక్క ప్రభావం అసలు లేదని మాత్రం నేను అనను, ప్లగ్ పెట్టకుండా వాయించినా ఈ బాడీ ఛాతీకి తగిలేంతగా అదురుతుంది.

ఇక మూడో తీగ. నేను వాయించేది ఎక్కువగా పాత సినిమా పాటలు, కాస్త కర్ణాటక సంగీతం. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగలు వదిలేసి ఐదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు ఎంత హాయిగా పలికించారో విన్నవాళ్లకు నా ఆశ అర్థమవుతుంది. తోడిలో గాంధారం ఊగాలంటే తీగను పక్కకు లాగి వదలాలి, మళ్లీ లాగాలి. ఈ గిటార్ మీద మూడో తీగను ఏడో ఫ్రెట్ దగ్గర ఒక స్వరం పైకి లాగి వదిలితే, తిరిగొచ్చేసరికి శ్రుతి దిగిపోయేది. ట్యూనర్ యాప్‌లో చూస్తే ప్రతిసారీ తగ్గే. మళ్లీ శ్రుతి చేస్తే పాట మొదటి చరణం దాకా కూడా నిలిచేది కాదు. పక్కనున్న రెండో తీగ, నాలుగో తీగ మాత్రం చక్కగా ఉండేవి. ఆ రోజుల్లో గిటార్ పట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉండేది.

ఒక షాపులో చూపిస్తే ట్యూనింగ్ కీలు నాసిరకం, మొత్తం సెట్టు మార్చాలన్నారు. మార్చారు, డబ్బు తీసుకున్నారు, రోగం అలాగే ఉంది. నాకు కోపం ఖర్చు మీద కంటే, వాళ్లు ఒక్కసారైనా నట్ వైపు, అంటే నెక్ పైకొనలో తీగలు గాడుల్లో కూర్చునే అడ్డపట్టీ వైపు, చూడకపోవడం మీద. కీ నెమ్మదిగా తిప్పుతూ చెవి దగ్గర పెట్టి వింటే విషయం అక్కడే తెలుస్తుంది: కాసేపు శ్రుతి కదలదు, తర్వాత సన్నగా 'టిక్' అని వినిపించి ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. ఆ 'టిక్' నట్ గాడిలో ఇరుక్కున్న తీగ జారిన చప్పుడు. తీగను లాగినప్పుడు హెడ్‌స్టాక్ (కీలుండే కొన) వైపు నుంచి కొంచెం తీగ గాడి దాటి ఇవతలికొస్తుంది, వదిలినప్పుడు గాడి బిగుతుగా ఉంటే వెనక్కి పోదు, అందుకే శ్రుతి దిగుతుంది. నట్‌కూ కీకీ మధ్య తీగను వేలితో ఒక్కసారి నొక్కితే శ్రుతి మళ్లీ పైకొచ్చేసేది, దాంతో నాకు అనుమానం లేకుండా పోయింది. నెక్‌తో వచ్చిన ప్లాస్టిక్ నట్‌లో గాడి ఇంగ్లిష్ వీ అక్షరంలా కోసి ఉంది, నా సెట్టులో మూడో తీగ మందం 0.017 అంగుళం, అది అడుగు దాకా దిగకుండా మధ్యలోనే పట్టేస్తోంది.

ఎముక నట్ తెప్పించి గాడులు నేనే కోసుకున్నాను. నట్ ఆకురాళ్ల ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, నేను వాడింది గ్యాస్ వెల్డింగ్ నాజిల్ శుభ్రం చేసే గరుకు తీగల సెట్టు, హార్డ్‌వేర్ షాపులో తక్కువకే దొరుకుతుంది, ఒక్కో తీగ ఒక్కో మందం. గాడి అడుగు గుండ్రంగా, తీగ మందం కంటే పిసరంత వెడల్పుగా, హెడ్‌స్టాక్ వైపు కొద్దిగా వాలుగా ఉండాలి. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి చూస్తే మొదటి ఫ్రెట్ మీద కాగితమంత సందు మిగలాలి, అంతకన్నా లోతు కోస్తే ఖాళీ తీగ గరగరలాడుతుంది. చివర్లో తీగ సులువుగా జారడానికి పెన్సిల్ మొనతో గాడిలో గీకాను. ఆ సాయంత్రం గాంధారం ఊపుతూనే ఉన్నాను, తీగ ప్రతిసారీ తన చోటికే వచ్చింది. ఇంత సంతోషం గిటార్ మొదటిసారి మోగినప్పుడు కూడా కలగలేదు.

అయితే పూర్తిగా అయిపోలేదు. ఖాళీ తీగ సరిగ్గా ఉన్నా పన్నెండో ఫ్రెట్ దగ్గర మూడో తీగ హెచ్చుగా పలికేది. ఇది ఈ మోడల్ పుట్టుకలోనే ఉంది: పాత పద్ధతి బ్రిడ్జ్‌లో (బాడీ మీద తీగలు ఆనే భాగం) మూడే ఇత్తడి శాడిళ్లు, అంటే తీగ కూర్చునే, ముందుకీ వెనక్కీ జరపగల దిమ్మలు, మూడో తీగా నాలుగో తీగా ఒకే శాడిల్ మీద కూర్చుంటాయి. 1950ల మొదట్లో ఈ గిటార్ వచ్చినప్పుడు సెట్లలో మూడోది కూడా పైన సన్న తీగ చుట్టినదే, కాబట్టి రెండూ సర్దుకునేవి. ఇప్పటి సాదా తీగకు శాడిల్ ఇంకొంచెం వెనక్కి కావాలి, నాలుగో తీగకు అక్కర్లేదు. వీణలో మెట్లు మైనంలో కూరుస్తారు కాబట్టి చెవికి నచ్చినట్టు ఒక్కో మెట్టూ జరుపుకోవచ్చు, ఇక్కడ ఫ్రెట్లు కదలవు, ఉన్న అవకాశమంతా శాడిల్ దగ్గరే. ఏటవాలుగా చేసిన ఇత్తడి శాడిళ్లు వేశాక దాదాపు సరిపోయింది. దాదాపు అనే అంటున్నాను, పదిహేనో ఫ్రెట్ దాటాక కార్డ్ పట్టుకుంటే నా చెవికి ఇప్పటికీ తెలుస్తుంది.

మిగతావి క్లుప్తంగా. పదిహేడో ఫ్రెట్ దగ్గర యాక్షన్ (ఫ్రెట్ మీద తీగ ఎత్తు) 1.6 మిల్లీమీటర్లు, అంతకంటే దించితే తీగ లాగినప్పుడు నాదం చచ్చిపోతుంది. వానాకాలంలో నెక్ వంపు మారుతుంది, ట్రస్ రాడ్ (వంపు సరిచేసే, నెక్ లోపలి కడ్డీ) పావు చుట్టు కూడా అవసరం పడదు కానీ ఏటా ముట్టుకోవాల్సిందే. సముద్రపు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించాక పొడి గుడ్డతో తుడవాలి. బరువు ఎక్కువే, నిలబడి గంట వాయిస్తే భుజం లాగుతుంది. హమ్మింగ్ ఇలాంటి సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్‌లకు మామూలే, కాకపోతే అద్దె ఇంటి సాకెట్‌లో మూడో రంధ్రం ఉన్నా ఎర్త్ తీగ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, అది ఒంటికి సంబంధించిన విషయం.

నేను అపార్ట్‌మెంట్‌లో తక్కువ సౌండ్‌లో, డిస్టార్షన్ దాదాపు లేకుండా వాయిస్తాను, గమకం నాకు ముఖ్యం. అలాంటివాళ్లకు ఇలాంటి గిటార్ చేసుకోమనే చెప్తాను. మెటల్ వాయించేవాళ్లకు, స్టేజీ మీద రాత్రంతా నిలబడేవాళ్లకు చెప్పలేను, ఆ పనికి నేను దీన్ని వాడలేదు. బ్రిడ్జ్ పికప్ నాకింకా కీచుగానే ఉంది, టోన్ నాబ్ బాగా తగ్గించి నెట్టుకొస్తున్నాను. రెడీమేడ్ నెక్ కొంటే మాత్రం దానితో వచ్చిన నట్‌లో మూడో తీగ గాడిని తీగలు ఎక్కించే ముందే చూసుకోండి.