క్రూజ్ దిగిన రోజు ఊరు చూడాలంటే ఏది మేలు? షిప్పువాళ్ళ టూరా, సొంతంగా తిరగడమా, ఒక రాత్రి ఆగిపోవడమా?

క్రూజ్ మధ్యలో వచ్చే పోర్టులకి ఏం చూడాలి ఏం తినాలి అని అందరూ నెలల ముందే రాసిపెట్టుకుంటారు, ఆఖరి రోజు దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఫ్లైట్ సాయంత్రం కదా, అప్పటిదాకా ఊళ్ళో తిరుగుదాం" అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. మధ్యలో పోర్టు అంటే భుజానికి చిన్న బ్యాగు వేసుకుని వెళ్ళి సాయంత్రానికి మన రూముకి మనం వచ్చేస్తాం. ఆఖరి రోజు ఆ రూము ఉండదు, ఇంటిల్లిపాది సూట్‌కేసులు మాత్రం మన నెత్తిమీదే ఉంటాయి. అందుకే ఆ రోజుకి నేను ముందు తేల్చుకునేది పెట్టెలు ఎక్కడ ఉంటాయి, ఎవరు చూసుకుంటారు అని. చూడాల్సినవి ఆ తర్వాత.

పొద్దున ఎలా గడుస్తుందో కూడా తెలిసుండాలి. అదే షిప్పు ఆ సాయంత్రమే కొత్త జనాన్ని ఎక్కించుకుని బయల్దేరాలి కాబట్టి 8 ప్రాంతానికల్లా రూము ఖాళీ చెయ్యమంటారు, తొమ్మిదిన్నర పదికల్లా దాదాపు అందరినీ దింపేస్తారు. ముందు రోజు రాత్రి ట్యాగులు కట్టి తలుపు బయట పెడితే పెట్టెలు వాళ్ళే టెర్మినల్‌కి చేరుస్తారు గానీ మన నంబరు పిలిచేదాకా కూర్చోవాలి, అలా కాకుండా మన సామాను మనమే లాక్కుంటూ దిగుతాం అంటే అందరికంటే ముందు వదిలేస్తారు. ఊరు చూసే ఉద్దేశం ఉంటే రెండోదే నయం, గంటో గంటన్నరో కలిసొస్తుంది. పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉంటే మాత్రం ట్యాగులే కట్టండి (తెల్లారి వేసుకునే బట్టలు, మందులు, పాస్‌పోర్టు చేతి సంచిలో పెట్టుకుని! అన్నీ పెట్టెలో సర్దేసి రాత్రి బయట పెట్టేసి పొద్దున నైట్‌డ్రెస్సుతో షిప్పు దిగినవాళ్ళ కథలు క్రూజుల్లో బాగానే వినిపిస్తాయి).

ఇంకోటి, టికెట్టు మీద ఉన్న ఊరి పేరు చూసి ప్లాను వేసేయొద్దు. రోమ్ అని రాసుంటే షిప్పు ఆగేది చివిటవెక్కియాలో, అక్కణ్ణించి రోమ్ దాదాపు 80 కిలోమీటర్లు. లండన్ అంటే చాలాసార్లు సౌతాంప్టన్, రైల్లో గంటంపావు పైనే. వెనిస్ సంగతి ఇంకా తేడా, 2021 ఆగస్టు నుంచి పెద్ద షిప్పుల్ని ఊరి పక్కనుంచే వెళ్ళే గ్యుడెక్కా కాలువలోకి రానివ్వట్లేదు, దాంతో కొన్ని అవతలి ఒడ్డున ఉన్న మార్గెరా రేవులో ఆగుతున్నాయి, కొన్నయితే ఏకంగా రవెన్నా అనే వేరే ఊరికి వెళ్ళిపోయాయి, అక్కణ్ణించి వెనిస్ అంటే రెండు గంటల రోడ్డు ప్రయాణం. అదే లిస్బన్‌లో అయితే టెర్మినల్ అల్ఫామా పాతపేటని ఆనుకునే ఉంటుంది, గేటు దాటితే ఊళ్ళో ఉన్నట్టే. ఏది మేలు అన్న ప్రశ్నకి సగం జవాబు ఈ దూరంలోనే ఉంది.

ఇప్పుడు షిప్పువాళ్ళ టూరు. ఆఖరి రోజుకి చాలా క్రూజులు ఒక ప్రత్యేకమైన టూరు అమ్ముతాయి, బస్సులో ఊరు చూపించి చివర్లో ఎయిర్‌పోర్టు దగ్గర దింపేస్తారు, పెట్టెలు పొద్దున్నుంచీ బస్సు డిక్కీలోనే ఉంటాయి. మామూలు పోర్టుల్లో ఈ టూర్లంటే నాకు పెద్దగా నచ్చదు, గుంపుతో నడవడం, మధ్యలో ఏదో షాపు దగ్గర అరగంట ఆపడం, ఫోటో తీసుకునేలోపే గైడు ముందుకెళ్ళిపోవడం. కానీ ఈ ఒక్క రోజుకి మాత్రం దాన్ని తీసిపారెయ్యలేను, ఎందుకంటే అక్కడ మనం డబ్బులిచ్చేది చూపించినందుకంటే పెట్టెలు మోసినందుకు, ఎయిర్‌పోర్టులో దింపినందుకు. చివిటవెక్కియా లాంటి దూరపు పోర్టులో, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల ఫ్లైటు ఉన్నవాళ్ళకి ఇంతకంటే మంచి దారి నాకు కనపడదు. టూరు ఎన్నింటికి ఎయిర్‌పోర్టుకి చేరుస్తుందో, ఎన్నింటి తర్వాత ఉన్న ఫ్లైట్లకి పనికొస్తుందో వివరాల్లో రాస్తారు, అది చూడకుండా బుక్ చెయ్యకండి.

సొంతంగా తిరగడం అనేది పోర్టు ఊళ్ళోనో ఊరి పక్కనో ఉండి, ఫ్లైట్ సాయంత్రం ఆరు తర్వాత ఉంటే అసలు వేరే ఆలోచనే అక్కర్లేదు. కాకపోతే ఎక్కువమంది పెట్టెలు దాచే విషయంలో దెబ్బతింటారు. దిగగానే బరువు దింపేసుకోవాలనిపిస్తుంది కాబట్టి పోర్టు పక్కనే ఎక్కడో ఇచ్చేస్తారు, తర్వాత రోజంతా తిరిగి తిరిగి అలిసిపోయి, మళ్ళీ వాటికోసం పోర్టుకి రావాలి, అక్కణ్ణించి ఎయిర్‌పోర్టుకి ఇంకో ప్రయాణం. పెట్టెలు ఉంచాల్సింది రోజు మొదలయ్యే చోట కాదు, ఎయిర్‌పోర్టు బండి ఎక్కే చోట.

బార్సిలోనాలో ఇది ఎలా కుదురుతుందో చూడండి. పెద్ద షిప్పులు ఎక్కువగా ఆగేది మోల్ అదోసాట్ అనే గట్టు మీద, అక్కణ్ణించి నడక వద్దు, పోర్టు బస్సు ఎక్కితే కొలంబస్ విగ్రహం దగ్గర దింపుతుంది. ఆ పక్కనే ద్రస్సానెస్ మెట్రో, రెండో స్టేషను కతలూన్యా. ఎయిర్‌పోర్టుకి వెళ్ళే ఏరోబస్ బయల్దేరేది ఆ కతలూన్యా సెంటర్లోనే, అరగంట పైన పడుతుంది, కాబట్టి పెట్టెలు ఆ చుట్టుపక్కల లగేజీ స్టోరేజీలో పెట్టేసి చేతులూపుకుంటూ గోతిక్ అనే పాతపేట సందుల్లోకి దిగిపోవచ్చు. 1882లో కట్టడం మొదలైన సగ్రాదా ఫమీలియా చర్చి చూడాలంటే టైముతో ఉన్న టికెట్టు ముందే తీసుకోవాలి, అది కూడా పదకొండు తర్వాతది తీసుకోండి, ఎందుకంటే షిప్పు దిగడం ఒక గంట లేటయితే తొమ్మిదిన్నర టికెట్టు మురిగిపోతుంది. జనం కిటకిటలాడే రంబ్లా వీధిలో జేబు జాగ్రత్త, పాస్‌పోర్టులన్నీ ఒకే బ్యాగులో పెట్టుకుని తిరిగే రోజు అది.

రోమ్‌కి సొంతంగా వెళ్ళాలనుకున్నా ఇదే సూత్రం: చివిటవెక్కియా నుంచి రైల్లో పెట్టెలతోనే రోమ్ పెద్ద రైల్వే స్టేషను టెర్మినికి వచ్చెయ్యండి, సామాను స్టేషన్లోనే పెట్టండి, సాయంత్రం అక్కణ్ణించే లియొనార్దో ఎక్స్‌ప్రెస్ రైలు 32 నిమిషాల్లో ఫ్యుమిచినో ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తుంది. కానీ పోర్టు నుంచి రైల్వే స్టేషను, ఆ రైలు, లాకరు క్యూ అన్నీ కలిపితే టెర్మినిలో తేలేసరికి పదకొండు దాటుతుంది, కాబట్టి రాత్రి ఫ్లైటయితేనే ఈ పని పెట్టుకోండి. పైగా దిగేది ఆదివారమైతే వాటికన్ మ్యూజియాలు మూసి ఉంటాయి, నెలలో ఆఖరి ఆదివారం తప్ప, ఆ ఆదివారం ప్రవేశం ఉచితం, జనం గురించి చెప్పక్కర్లేదు.

సింగపూర్‌లో ఇంకో తమాషా ఉంది. మరీనా బే క్రూజ్ సెంటర్ నుంచి మరీనా సౌత్ పియర్ మెట్రో దగ్గరే, నేరుగా చాంగీ ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయి పెట్టెలు అక్కడి బ్యాగేజీ స్టోరేజీలో ఇచ్చేసి మళ్ళీ ఊళ్ళోకి రావచ్చు, లేదా ఊరు వద్దనుకుంటే 2019లో ఎయిర్‌పోర్టు పక్కనే తెరిచిన జ్యువెల్ అనే మాల్‌లో 40 మీటర్ల ఎత్తు నుంచి పడే ఇండోర్ జలపాతం చూస్తూ అక్కడే సాయంత్రం చేసెయ్యొచ్చు. పిల్లలున్నవాళ్ళకి నా ఓటు దీనికే, ఎండలో పడి తిరిగే పని ఉండదు.

వెనిస్‌లో మాత్రం పెట్టె చేత్తో పట్టుకుని ఒక్క వంతెన కూడా దాటొద్దు. మెట్లెక్కాలి, మెట్లు దిగాలి, పది అడుగులు వేస్తే ఇంకో వంతెన, చక్రాలు ఉన్నా లేనట్టే.

హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సుల (ఒకే టికెట్టుతో రోజంతా ఎక్కడ కావాలంటే అక్కడ దిగి మళ్ళీ ఎక్కే టూరిస్టు బస్సులు) గురించి అడిగేవాళ్ళు ఉంటారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో అయితే బానే ఉంటుంది, కూర్చుని ఊరంతా ఒక చుట్టు చూడొచ్చు. కాకపోతే పెద్ద పెట్టెలు ఎక్కించుకోనివ్వరు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టైము మన చేతిలో ఉండదు, పైన కూర్చుంటే ఎండో వానో. సొంతంగా తిరిగే రోజులో ఒక భాగంగా సరే, అదొక్కటే ప్లాను అంటే నాకు చప్పగా అనిపిస్తుంది.

అసలు ప్రతి ఊరికీ పక్కనున్న మహానగరం దాకా పరిగెత్తాలా అని కూడా ఆలోచించండి. సౌతాంప్టన్‌లో దిగినవాళ్ళు అందరూ లండన్ రైలు కోసం హడావిడి పడతారు, కానీ 1912 ఏప్రిల్ 10న టైటానిక్ బయల్దేరింది ఆ ఊరి నుంచే, సీసిటీ మ్యూజియంలో ఆ ఓడ సిబ్బంది కథ ఉంది, పాత కోట గోడలు, బార్గేట్ దర్వాజా అన్నీ నడిచే దూరంలోనే ఉన్నాయి. నాలుగైదు గంటలే చేతిలో ఉంటే లండన్‌ని కిటికీలోంచి చూడటం కంటే ఇది నయం.

ఫ్లైట్ మధ్యాహ్నం ఒంటిగంటలోపు ఉంటే ఊరు గీరు ఏమీ పెట్టుకోకండి. పొగమంచు వల్లో, ముందు షిప్పు కదలకో, ఇమిగ్రేషన్ క్యూ వల్లో లేటవడం మామూలే, ఇంటర్నేషనల్ ఫ్లైటుకి మూడు గంటల ముందుండాలి, ఇంక మిగిలేది ఏముంది.

ఇక రాత్రి ఆగిపోవడం. సెలవు, డబ్బు రెండూ ఉంటే హాయి దీంట్లోనే ఉంది, హోటల్లో రూము మధ్యాహ్నం దాకా ఇవ్వకపోయినా పెట్టెలు మాత్రం పొద్దున్నే తీసుకుంటారు, టైము చూసుకుంటూ పరిగెత్తక్కర్లేదు. వారం రోజులు నీళ్ళ మీద ఉండి దిగాక చాలామందికి నేల ఊగుతున్నట్టు ఉంటుంది, మామూలుగా ఒకట్రెండు రోజుల్లో పోతుంది, అలాంటివాళ్ళకి ఆ సాయంత్రం మంచం దొరకడం చిన్న విషయమేం కాదు. షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) మీద వెళ్ళేవాళ్ళు ఆ అదనపు రోజు వీసా తేదీల్లో ఉందో లేదో, మధ్యలో షెంగెన్ బయటి దేశంలో షిప్పు ఆగుంటే మల్టిపుల్ ఎంట్రీ (బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రానిచ్చేది) ఉందో లేదో చూసుకోవాలి.

కానీ ఒక్క రాత్రికే వీలుందనుకోండి, ఎక్కే పోర్టూ దిగే పోర్టూ ఒకటే అయినప్పుడు, నేనైతే ఆ రాత్రిని క్రూజ్‌కి ముందే పెడతాను. వెళ్ళేటప్పుడు ఫ్లైట్ లేటయితే షిప్పు మనకోసం ఆగదు, వచ్చేటప్పుడు ఫ్లైట్ తప్పితే ఇంకో ఫ్లైట్ ఉంటుంది, ఖర్చవుతుంది అంతే. ఊరు కూడా ఒళ్ళు అలవకముందే, పెట్టెలు హోటల్లో ఉండగానే చూసేస్తాం. దిగిన రోజు పొద్దున ఎవరి నంబరు ముందు పిలిచినా పట్టించుకోకుండా తాపీగా కాఫీ తాగి, టాక్సీ ఎక్కి తిన్నగా ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోవచ్చు.