హ్యాంగయిన ప్రాసెస్ దగ్గర జీడీబీ: లోడర్ లాక్ కేసులో ఎంతవరకు పనికొస్తుంది?

సర్వీసు లేస్తూ లేస్తూ ఆగిపోతుంది. సీపీయూ సున్నా, లాగ్‌లో ఒక్క ఎర్రర్ ఉండదు, ప్రాసెస్ చావదు, పనీ చెయ్యదు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో సీ++ ప్లగిన్లు రాసేవాళ్లకీ, జావా నుంచి జేఎన్ఐ దారిన సీ, సీ++ లైబ్రరీలు లోడ్ చేసేవాళ్లకీ ఈ రకం హ్యాంగ్ ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ప్రోగ్రామ్‌లోకి లైబ్రరీలు తెచ్చి కలిపే డైనమిక్ లింకరుకీ (లోడర్ అన్నా ఇదే) థ్రెడ్ లైబ్రరీకీ మధ్య పడే పీటముడి ఇది. లైనక్స్ మీద ఈ ముడి విప్పడానికి జీడీబీ (ప్రాసెస్‌ని ఆపి లోపల చూపించే డీబగ్గర్) ఎంత నమ్మదగ్గ పనిముట్టో చూసే రివ్యూ ఇది. అమీర్‌పేటలో సీ, లైనక్స్ కోర్సు చేసి వచ్చినవాళ్లకి బ్రేక్, నెక్స్ట్, ప్రింట్ చేతికి అలవాటై ఉంటాయి. ఆగిపోయిన ప్రాసెస్ దగ్గర అవేవీ అక్కరకు రావు. ఇక్కడ కావాల్సిన జీడీబీ వేరు.

ముందు ముడి ఎక్కడ పడుతుందో తెలియాలి. జీలిబ్‌సీలో, అంటే లైనక్స్ సీ లైబ్రరీలో, లైబ్రరీలు లోడ్ చేసే డీఎల్ఓపెన్ ఫంక్షన్ పిలవగానే లింకర్ తన లోడ్ లాక్ పట్టుకుంటుంది. పైన లోడర్ లాక్ అన్నది దీన్నే. లైబ్రరీని మెమరీలోకి తెచ్చి, రీలొకేషన్లు (అడ్రసుల సర్దుబాటు) ముగించి, ఆ లైబ్రరీ కన్‌స్ట్రక్టర్లను (లోడవుతుండగానే నడిచే ఫంక్షన్లను) నడుపుతుంది. అవి నడుస్తున్నంతసేపూ ఆ లాక్ వదలదు. అది రికర్సివ్ లాక్ (పట్టుకున్న థ్రెడ్డే మళ్లీ పట్టుకోగలిగేది) కాబట్టి కన్‌స్ట్రక్టర్లోంచి అదే థ్రెడ్ మళ్లీ డీఎల్ఓపెన్ పిలిచినా ఏమీ కాదు. కన్‌స్ట్రక్టర్ ఒక కొత్త థ్రెడ్ పుట్టించి, అది పని ముగించేదాకా జాయిన్ దగ్గర కూర్చుంటేనే చిక్కు. ఆ కొత్త థ్రెడ్‌కి ఏ కారణంగానైనా లోడ్ లాక్ అవసరమైతే ఇద్దరూ ఒకరికోసం ఒకరు చూస్తూ ఉండిపోతారు.

"మా థ్రెడ్‌లో డీఎల్ఓపెన్ లేదు కదా" అని చాలామంది ఇక్కడే పక్కదారి పడతారు. కోడ్‌లో కనపడకపోయినా ఆ లాక్ అడిగే దారులు చాలా ఉన్నాయి. లైబ్రరీలో ఫంక్షన్ అడ్రస్ వెతికే డీఎల్‌సిమ్ అడుగుతుంది. థ్రెడ్‌ని ముగించే పీథ్రెడ్ ఎగ్జిట్ మొదటిసారి పిలిచినప్పుడు స్టాక్ అన్‌వైండ్ (స్టాక్‌ని ఒక్కో ఫ్రేమూ విప్పడం) కోసం జీలిబ్‌సీ లోపల్లోపల కంపైలర్ లైబ్రరీ లిబ్‌జీసీసీని డీఎల్ఓపెన్ చేస్తుంది. యూజర్ పేరో హోస్ట్ పేరో వెతికేటప్పుడు ఎన్ఎస్ఎస్ మాడ్యూళ్లు (పేర్లు వెతికిపెట్టే లైబ్రరీలు) లోడవ్వచ్చు. అన్నిటికన్నా కనిపెట్టడం కష్టమైంది మరొకటుంది: డిస్ట్రక్టర్ ఉన్న సీ++ థ్రెడ్ లోకల్ (ప్రతి థ్రెడ్‌కీ విడిగా ఉండే) వేరియబుల్‌ని ఆ థ్రెడ్ మొదటిసారి తాకినప్పుడు, డిస్ట్రక్టర్ని నమోదు చేసే జీలిబ్‌సీ ఫంక్షన్ ఇదే లోడ్ లాక్ పడుతుంది. ఒక్క థ్రెడ్ లోకల్ స్ట్రింగ్ చాలు, సర్వీసు మొత్తం నిలిచిపోవడానికి.

ఇక పని. అమెరికా ట్రాఫిక్ పుంజుకునేది మనకి పొద్దుగూకాకే. ఆ వేళ హ్యాంగ్ వస్తే రీస్టార్ట్ చెయ్యమనే ఒత్తిడి మొదలవుతుంది. రీస్టార్ట్ చేస్తే సాక్ష్యం పోయినట్టే. ముందు జీడీబీతో వచ్చే జీకోర్‌తో కోర్ ఫైల్ (ప్రాసెస్ మెమరీ నకలు) తియ్యండి. అది ప్రాసెస్‌ని చంపదు, రాసేంతసేపు ఆపుతుంది. ఫైల్ సైజు ఇంచుమించు ప్రాసెస్ వాడుతున్న మెమరీ అంత ఉంటుంది కాబట్టి ముందు డిస్క్‌లో జాగా చూసుకోండి. అందులో కస్టమర్ల డేటా కూడా ఉంటుంది. దాన్ని మెయిల్లో, చాట్‌లో పంపకండి.

తర్వాత జీడీబీలో థ్రెడ్ అప్లై ఆల్ బీటీ. అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ని ఏది పిలిచిందో ఆ వరస) చూపే కమాండ్ ఇది. ఎక్కువమంది దీంతోనే ఆపేస్తారు. బ్యాక్‌ట్రేస్ చూపించేది ఎవరు ఎక్కడ ఆగారన్నది మాత్రమే. ఎవరి వల్ల ఆగారన్నది అందులో ఉండదు. ఆ జవాబు మ్యూటెక్స్ (లాక్‌ని మెమరీలో ఉంచే నిర్మాణం) లోపల ఉంది. జీడీబీకి ఎక్కువ మార్కులు పడేది అక్కడే.

ఉదాహరణకి ఇలా ఉంటుంది. ఒకటో థ్రెడ్: పైన ఫ్యూటెక్స్ వెయిట్ (కెర్నల్ దగ్గర ఎదురుచూపు), కింద పీథ్రెడ్ జాయిన్, దాని కింద ప్లగిన్ కన్‌స్ట్రక్టర్, ఇంకా కింద లింకర్ ఫంక్షన్లు, అట్టడుగున మీ డీఎల్ఓపెన్. రెండో థ్రెడ్: పైన లాక్ వెయిట్, కింద మ్యూటెక్స్ లాక్, ఆ కింద థ్రెడ్ లోకల్ నమోదు. రెండో థ్రెడ్‌కి మారి, సున్నా ఫ్రేములో (స్టాక్‌లో అన్నిటికన్నా పైది) ఉండి, ఆర్‌డీఐ రిజిస్టర్ చూపే చోట అయిదు పూర్ణాంకాలు చూడండి. కమాండ్ ఎక్స్ స్లాష్ 5డీడబ్ల్యూ. ఎక్స్86-64లో ఫ్యూటెక్స్ అడ్రస్ ఉండేది ఆ రిజిస్టర్లోనే. 2, 1, 4711, 1, 1 అని వచ్చిందనుకోండి. మొదటి 2 అంటే లాక్ పడి ఉంది, వెనక ఎదురుచూసేవాళ్లున్నారు. రెండోది రికర్షన్ లెక్క. మూడోది ఓనర్, అంటే లాక్ పట్టుకున్న థ్రెడ్ ఐడీ. నాలుగోది ఇక్కడ అక్కర్లేదు. ఆఖరి 1 అంటే రికర్సివ్ రకం. ఇన్ఫో థ్రెడ్స్ కొడితే 4711 ఒకటో థ్రెడ్ పక్కన కనిపిస్తుంది. ఇప్పుడు ఒకటో థ్రెడ్‌కి మారి అదే ఆర్‌డీఐ దగ్గర ఒక్క అంకె చూడండి. జాయిన్‌లో ఆగిన థ్రెడ్ ఎదురుచూసే చోట, అది ఎవరికోసం చూస్తోందో ఆ థ్రెడ్ ఐడీయే ఉంటుంది. అది రెండో థ్రెడ్ ఐడీ అయితే ఉంగరం పూర్తయింది. ఊహ ఏమీ లేదు, రెండు అంకెలు చేతిలో ఉన్నాయి. ఇది చెయ్యడానికి డీబగ్ సింబల్స్ కూడా అక్కర్లేదు.

సింబల్స్ ఉంటే ఫంక్షన్ల పేర్లు సుఖంగా చదవొచ్చు. జీడీబీ 10 నుంచి డీబగ్‌ఇన్ఫోడీ (సింబల్స్‌ని సర్వర్ నుంచి దించే ఏర్పాటు) సపోర్ట్ ఉంది కాబట్టి నెట్ ఉన్న మెషీన్‌లో అవే దిగుతాయి. నెట్ మూసిన ప్రొడక్షన్ మెషీన్‌లో ముందే ప్యాకేజీ పెట్టుకోవాలి. కోర్ ఫైల్ని వేరే మెషీన్‌లో తెరిస్తే సిస్‌రూట్ (అసలు మెషీన్ లైబ్రరీల నకలున్న ఫోల్డర్) సరిగ్గా ఇవ్వకపోతే స్టాక్ చెత్తగా వస్తుంది, అదే నిజమనుకుని ఒక పూట వృథా అవుతుంది. ఇంకొక గమనిక: జీలిబ్‌సీ 2.34లో థ్రెడ్ లైబ్రరీ అసలు సీ లైబ్రరీలోనే కలిసిపోయింది. రెడ్ హ్యాట్ 8లో 2.28 కాబట్టి అక్కడ లిబ్‌పీథ్రెడ్ విడిగా కనిపిస్తుంది. ఉబుంటు 22.04లో 2.35, అక్కడ కనిపించదు. రెండు చోట్లా స్టాక్‌లో పేర్లు కాస్త వేరుగా ఉంటాయి, కథ ఒకటే.

జీడీబీ ఇబ్బంది పెట్టేది కంటెయినర్ల దగ్గర. హోస్ట్ నుంచి అటాచ్ అయితే ఇన్ఫో థ్రెడ్స్‌లో కనపడేవి హోస్ట్ ఐడీలు. మ్యూటెక్స్‌లో ఓనర్‌గా ఉండేది కంటెయినర్ లోపలి ఐడీ. రెండూ కలవవు, "ఓనర్ థ్రెడ్ చచ్చిపోయింది" అని తప్పు తీర్పు ఇచ్చేస్తాం. హోస్ట్‌లోని ప్రోక్ ఫోల్డర్లో ఆ థ్రెడ్ స్టేటస్ ఫైల్ తెరిచి ఎన్ఎస్‌పిడ్ లైన్ చూస్తే రెండు ఐడీలూ పక్కపక్కనే ఉంటాయి. ఈ మాట జీడీబీయే చెప్పాల్సింది, చెప్పదు. కంటెయినర్లని నడిపించే కుబర్నెటీస్‌లో ఇంకో ప్రమాదం: జీడీబీ ఆపి ఉంచిన ప్రాసెస్ లైవ్‌నెస్ ప్రోబ్‌కి (బతికుందా అని అడిగే తనిఖీకి) జవాబివ్వదు, మీరు చూస్తుండగానే కంటెయినర్ రీస్టార్ట్ అయిపోతుంది. కోర్ తీసి వదిలెయ్యడమే మేలు. ఉబుంటులో మామూలు యూజర్ నడుస్తున్న ప్రాసెస్‌కి అటాచ్ కాలేడు, యామా అనే కెర్నల్ భద్రతా ఏర్పాటు అడ్డుకుంటుంది. రూట్ కావాలి.

జావా వాళ్లకి థ్రెడ్ల స్టాక్ చూపే జేస్టాక్ సరిపోదు. అది జావా ఫ్రేములు చూపించి లోడ్ లైబ్రరీ దగ్గర ఆగుతుంది, కింద నేటివ్ వైపు జీడీబీతోనే చూడాలి. జేవీఎం తన పనికోసం సెగ్‌వీ సిగ్నల్ (మామూలుగా తప్పు మెమరీ తాకితే వచ్చేది) వాడుకుంటుంది కాబట్టి, ప్రాసెస్‌ని మళ్లీ నడిపించే ముందు హ్యాండిల్ కమాండ్‌తో దాన్ని ఆపకుండా, ప్రింట్ చెయ్యకుండా దాటించండి. లేకపోతే అడుగడుగునా ఆగుతుంది.

పోటీ పనిముట్ల సంగతి క్లుప్తంగా. సిస్టమ్ కాల్స్ చూపే ఎస్‌ట్రేస్ ఫ్యూటెక్స్ వెయిట్ అని చూపిస్తుంది, ఓనర్ పేరు చెప్పదు. థ్రెడ్ల తప్పులు పట్టే థ్రెడ్ శానిటైజర్ మామూలు లాక్ ఆర్డర్ తప్పులకి బంగారం లాంటిది, కానీ లింకర్ తన లాక్‌ని లోపలి దారిన పడుతుంది కాబట్టి దాని కంటికి ఆనదు. జీడీబీకి మంచి జోడీ, లింకర్ ఏం చేస్తోందో రాయించే ఎల్‌డీ డీబగ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. విలువ ఫైల్స్ అని పెట్టి నడిపితే ప్రతి లైబ్రరీ కన్‌స్ట్రక్టర్లకి ముందు "కాలింగ్ ఇనిట్" లైన్ పడుతుంది. ఆఖరి లైన్‌లో ఉన్న లైబ్రరీ మీదే మొదటి అనుమానం పెట్టుకోండి.

ముడి దొరికాక జాయిన్‌కి టైమవుట్ పెట్టి సరిపెట్టకండి, అది హ్యాంగ్‌ని మెల్లగా లేచే సర్వీసుగా మారుస్తుంది, అంతే. కన్‌స్ట్రక్టర్లోంచి థ్రెడ్ కోసం ఎదురుచూడడం తీసెయ్యండి. ఆ పనిని ఒక ఇనిట్ ఫంక్షన్‌లో పెట్టి, డీఎల్ఓపెన్ తిరిగొచ్చాక దాన్ని పిలవండి. ప్లగిన్ మీ చేతిలో లేనిదైతే కష్టమే, రాసినవాళ్లకి ఆ రెండు అంకెలూ, రెండు స్టాకులూ పంపండి. లైబ్రరీని తీసేసే డీఎల్‌క్లోజ్ వైపు కూడా ఓ కన్నెయ్యండి. అక్కడ డిస్ట్రక్టర్లు నడిచేది అదే లాక్ కింద, థ్రెడ్లని జాయిన్ చేసే అలవాటు అక్కడ మరీ ఎక్కువ.