కారు కింద ఆరేళ్లు: ఇంజన్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకున్న అనుభవం

నేను ఈ పని మొదలుపెట్టింది డబ్బు మిగుల్చుకుందామని కాదు, అనుమానంతో. 2019లో ఒకసారి బండి సర్వీసుకి ఇచ్చే ముందు మా ఆవిడ గోళ్ల రంగు తీసుకుని ఆయిల్ ఫిల్టర్ మీద చిన్న ఎర్ర చుక్క పెట్టాను. సాయంత్రం బండి వచ్చింది. బిల్లులో కొత్త ఫిల్టర్ ఉంది. కిందకి వంగి టార్చి వేసి చూస్తే ఎర్ర చుక్క కూడా ఎక్కడిదక్కడే ఉంది. ఏ గ్యారేజీ అన్నది ఇప్పుడు అనవసరం. వెళ్లి అడిగితే ‘కుర్రాడు మర్చిపోయుంటాడు సార్’ అన్నారు. బిల్లు వేయడం మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

మాది ఒంగోలు. ఉద్యోగం చీమకుర్తిలో, గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఆఫీసులో. కర్నూలు రోడ్డు మీద రాళ్ల లారీల వెనక రోజూ రానూ పోనూ నలభై కిలోమీటర్లు. ఆ దుమ్ము తిన్నవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న వ్యాగనార్, పెట్రోలు. బండితో వచ్చే పుస్తకంలో ఆయిల్ మార్చడానికి పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంటుంది. దుమ్ములో తిరిగే బండికి ఇంకా ముందే మార్చమనీ ఉంటుంది కానీ ఆ పేజీ దాకా ఎవరూ వెళ్లరు. నేను ఏడు వేలకి మారుస్తాను. ఇప్పటికి పదకొండు సార్లు అయింది.

‘ఏమండీ, మీరు విప్పితే మళ్లీ బిగించేదెవరు?’ అని మా ఆవిడ మొదటిరోజే అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నిజానికి విప్పడం, బిగించడం అరగంట పని. అసలు కష్టం బండి కిందకి దూరడంలో ఉంది. మొదటిసారి నేను చేసిన తప్పు ఇక్కడే. స్టెప్నీతో పాటు వచ్చే జాకీ పెట్టి ముందుభాగం లేపి, జారకుండా పక్కన రెండు గ్రానైట్ ముక్కలు పేర్చాను. మా దగ్గర వాటికి కొదవ లేదు కదా. కింద పడుకుని ఉండగానే జాకీ కాస్త ఒరిగింది. బండి పడలేదు, ఒక రాయి మాత్రం టప్పుమని విరిగింది. గ్రానైట్ ఎంత గట్టిదో అంత పెళుసు. ఆ రాళ్ల మధ్యే ఉద్యోగం చేస్తూ నాకా సంగతి తట్టలేదు. మర్నాడే వెల్డింగ్ షాపుకెళ్లి ఇనప యాంగిలర్లతో రెండు ర్యాంపులు చేయించాను. ముందు చక్రాలు ర్యాంపు మీదకి ఎక్కించి, ఫస్ట్ గేర్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి అడ్డం పెట్టాకే కిందకి వెళ్తాను. ర్యాంపులు గానీ సరైన స్టాండ్లు గానీ లేకపోతే ఈ పని ఆలోచన కూడా వద్దు. ఉత్త జాకీని నమ్మి బండి కింద తల పెట్టకూడదు.

ఇంజన్ ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపితే ఆయిల్ పలచబడి తేలిగ్గా దిగుతుంది. మరీ వేడి మీద విప్పితే చెయ్యి కాలుతుంది. ఇంజన్ అడుగున ఆయిల్ దిగే రంధ్రానికి ఉండేది చాంబర్ బోల్టు. కింద తొట్టి పెట్టి, చివరి రెండు చుట్ల దగ్గర దాన్ని లోపలికి నొక్కి పట్టుకుని తిప్పి, ఒక్కసారిగా లాగేయాలి. ఈ ఒడుపు రావడానికి నాకు మూడు సార్లు పట్టింది. అప్పటిదాకా బోల్టు తొట్టిలో పడటం, మోచేతి దాకా నల్లగా కారడం మామూలే. గ్లౌజులు తప్పనిసరి, పాత ఆయిల్ చర్మానికి మంచిది కాదు. నేల తుడవడానికి బనీను వేస్ట్, అంటే గుడ్డ పీలికలు, ఒక కిలో తెచ్చి పెట్టుకోండి.

రెండోసారి అనుకుంటా, తొట్టిలో పడిన నల్లటి ఆయిల్‌లో సన్నటి మెరుపులు కనిపించాయి. అచ్చం మా గెలాక్సీ గ్రానైట్ పలకలా ఉంది. ఇంజన్ లోపల ఏదో అరిగి పొడి రాలుతోందని టెన్షన్ పట్టుకుంది. తెలిసిన మెకానిక్ భాయ్ వచ్చి, రెండు వేళ్ల మధ్య రాసి చూసి, అయస్కాంతం పెట్టి చూసి, చివరికి తొట్టి వంక చూశాడు. ‘సార్, ఇది ఎక్కడిది?’ అన్నాడు. ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన తొట్టి, అడుగున రాతిపొడి అంటుకునే ఉంది. అప్పటినుంచి ముందు తొట్టి తుడుస్తాను, ఆ తర్వాతే బోల్టు. ఒక్క మాట, ఆయిల్ నల్లబడితే చెడిపోయినట్టు కాదు. మసిని పట్టి ఉంచడం దాని పనే. పాలు కలిపిన టీ రంగుకి తిరిగితే మాత్రం ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ కలుస్తోందేమోనని మెకానిక్‌కి చూపించాల్సిందే.

నాలుగోసారి ఫిల్టర్‌తో దెబ్బ తిన్నాను. పాతది విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది, చూసుకోలేదు. కొత్త ఫిల్టర్ రింగు దాని మీద కూర్చుంది. స్టార్ట్ చేయగానే కింద చర్రుమని పిచికారీ. వెంటనే ఆపాను కానీ అప్పటికే కొత్త ఆయిల్ లీటరు దాకా వాకిట్లో ఉంది. ముగ్గుపిండి, ఇసుక, సర్ఫ్ అన్నీ అయ్యాయి. ఆ మరక ఇప్పటికీ ఉంది. పాత రింగు ఫిల్టర్‌తో పాటు వచ్చిందా లేదా వేలితో తడిమి చూడండి. కొత్త రింగుకి కాస్త కొత్త ఆయిల్ రాసి, అది ఆనాక చేత్తోనే ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. పాన పెట్టి బిగిస్తే తర్వాతిసారి విప్పలేక ఏడవాలి.

ఏ ఆయిల్ అన్నదానికి మా వీధిలో ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉంది. ‘మన రోహిణి కార్తె ఎండలకి పలచటి ఆయిల్ ఏం ఆగుతుంది, చిక్కటిది పొయ్యి’ అని మా బామ్మర్ది ఇప్పటికీ అంటాడు. నా బండి పుస్తకంలో ఉన్నది 5డబ్ల్యూ-30, నేను అదే పోస్తున్నాను. మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్తుంది, రెండోది ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. బయట ముప్పై ఉన్నా నలభై ఐదు ఉన్నా, థర్మోస్టాట్, ఫ్యాన్ కలిసి నడిచే ఇంజన్ వేడిని దాదాపు ఒకచోటే ఉంచుతాయి. మూడు లీటర్ల డబ్బాలో నాకు అడుగున కాస్త మిగులుతుంది. మొత్తం గుమ్మరించకండి. కొంచెం ఆపి పోసి, బండిని చదును నేల మీదకి దించి, ఓ నిమిషం నడిపి ఆపి, ఐదు నిమిషాలు ఆగి డిప్ స్టిక్, అంటే ఆయిల్ ఎంతుందో చూపించే పుల్ల, తీసి చూడాలి. రెండు గుర్తుల మధ్య ఉండాలి, పై గుర్తు దాటకూడదు. ర్యాంపు మీద ఉండగా చూస్తే లెక్క తప్పుతుంది.

డబ్బు సంగతికొస్తే పోయినసారి ఆయిల్, ఫిల్టర్, వాషర్ కలిపి 1,700 లోపు అయింది. బయట చేయిస్తే ఇంకో ఐదారు వందలు. ర్యాంపులు, పానలు, పాడుచేసుకున్న రెండు చొక్కాలు లెక్కేస్తే మిగిలిందేమీ పెద్దగా లేదు. మీకు నమ్మకమైన మెకానిక్ ఉండి, కళ్లముందు చేస్తానంటే అతనికే ఇచ్చేయండి. వారంటీలో ఉన్న బండి జోలికి అసలు పోవద్దు. నాకు దక్కిన లాభం వేరు. ఏడు వేలకోసారి బండి కింద పడుకుంటాను కాబట్టి ముందు చక్రాలని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ మీది రబ్బరు తొడుగు చిరగడం, లోపలి గ్రీజు కారిపోకముందే కనిపించింది.

ఇక నాకు అస్సలు నచ్చనిది పాత ఆయిల్. దాన్ని ఏం చేయాలో ఎవరూ చెప్పరు. మొదట్లో సెంట్రింగ్ రేకులకి పూస్తానని ఎదురింటి మేస్త్రి అడిగితే ఇచ్చేశాను. వానల్లో ఒకసారి ఆయన మిగిలింది వీధి చివర కాలవలో ఒంపడం, నీళ్ల మీద రంగురంగుల తెట్టు కదలడం చూశాక మానేశాను. చట్టం లెక్కలో కూడా అది ప్రమాదకరమైన వ్యర్థమే. ఇప్పుడు కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే నింపి, మూత బిగించి, భాయ్ షెడ్డులో డ్రమ్ముకి చేరుస్తున్నాను. పాత ఆయిల్ కొనేవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. ఆ డబ్బాని వంటింటి పక్క నుంచి తీసేదాకా ఇంట్లో మాత్రం రోజూ గొడవే.

ఫిల్టర్ మీద ఎర్ర చుక్క ఇప్పటికీ పెడతాను, ఇప్పుడు మోసం చేసేవాళ్లెవరూ లేకపోయినా. పక్కనే కిలోమీటర్లు, తేదీ మార్కర్‌తో రాస్తాను. చాంబర్ బోల్టు అంచులు అరిగి పాన జారుతోంది, పదకొండు సార్లు విప్పితే జారదా మరి. కొత్త బోల్టు, రెండు వాషర్లు తెచ్చి డ్యాష్‌బోర్డులో పడేశాను. ఇంకో పన్నెండు వందల కిలోమీటర్లు తిరిగాక వేయాలి.