పలాస జీడి ఆఫీసుల్లో పైఇన్‌స్టాలర్: వన్‌ఫైల్ మోజులో పడకండి

పలాస, కాశీబుగ్గల్లోని జీడి పరిశ్రమలకు చిన్న చిన్న లెక్కల ప్రోగ్రాములు రాసిస్తుంటాను. 80 కిలోల పిక్కల బస్తాలు ఎన్ని దిగాయి, బాయిలింగ్‌కి ఎన్ని వెళ్లాయి, పీలింగ్ ఆడవాళ్లకు కిలోల లెక్కన వారం కూలీ ఎంతయింది, విరగని గుండు పప్పు ఎంత వచ్చింది, బద్ద ఎంత, ముక్క ఎంత. రాసేది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. స్క్రీన్లు టికింటర్‌తో, డేటా ఎస్‌క్యూలైట్‌లో. అవతల ఆఫీసులో గుమస్తాగారి కంప్యూటర్లో పైథాన్ ఉండదు. ఎక్కిద్దామంటే ఓనరు ఒప్పుకోడు, ఒప్పుకున్నా తర్వాత వర్షన్ల గొడవ చూసేదెవరు? వాళ్లకి కావాల్సింది డెస్క్‌టాప్ మీద ఒక ఐకాన్, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోవడం. అంతవరకూ తీసుకెళ్లేది పైఇన్‌స్టాలర్. పైసా ఖర్చు లేదు. కొన్నేళ్లుగా నా తిండి దీని మీదే కాబట్టి మంచీ చెడూ రెండూ రాస్తున్నాను.

చేసే పని చెప్పుకోవడానికి సింపుల్. ప్రోగ్రాం ఫైల్ పేరిచ్చి ఒక కమాండ్ కొడితే, అందులోని ఇంపోర్టులు (ప్రోగ్రాం బయటినుంచి తెచ్చుకునే కోడ్ పేర్లు) చదివి, వాటి వెనక ఇంకేం కావాలో తవ్వుకుంటూ వెళ్లి, పైథాన్ కోడ్‌ని నడిపే ఇంటర్‌ప్రెటర్‌తో సహా అన్నిటినీ ఒకచోట చేరుస్తుంది. వాటన్నిటికీ ముందు బూట్‌లోడర్ అని సి భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం ఉంటుంది. ఐకాన్ నొక్కగానే ముందు లేచేది అదే. పని పూర్తయ్యాక డిస్ట్ ఫోల్డర్లో సరుకు రెడీగా ఉంటుంది, బిల్డ్ ఫోల్డర్లో మధ్యలో పుట్టిన చెత్త ఉంటుంది. చెత్తే కదా అని వెంటనే తీసేయకండి. అందులో వార్న్ అని మొదలయ్యే టెక్స్ట్ ఫైల్ ఒకటుంటుంది, దొరకని మాడ్యూళ్ల (అలా తెచ్చుకునే కోడ్ ముక్కల) పేర్లన్నీ దాంట్లో ఉంటాయి. చాలావరకు మనకి సంబంధం లేనివే, లైనక్స్‌లో మాత్రమే ఉండేవి. అయినా ఒకసారి కన్నేయండి. కోడ్‌లో మాడ్యూల్‌ని మామూలుగా ఇంపోర్ట్ చేయకుండా నడుస్తుండగా పేరు బట్టి పిలిచే లైబ్రరీలు కొన్నుంటాయి, వాటిని ఇది పసిగట్టలేదు. అప్పుడు హిడెన్ ఇంపోర్ట్ ఆప్షన్‌తో ఆ పేరు మనమే చెప్పాలి.

కొత్తగా వాడేవాళ్ల కళ్లు ముందు వన్‌ఫైల్ ఆప్షన్ మీద పడతాయి. ప్రోగ్రాం మొత్తం ఒకే ఈఎక్స్‌ఈగా, అంటే నొక్కితే నడిచే ఫైల్‌గా వస్తుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి కాపీ చేసి వచ్చేయొచ్చు. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. కానీ అది నిజానికి ఒక ఫైల్ కాదు, బోలెడు ఫైళ్ల మూట. తెరిచిన ప్రతిసారీ ఆ మూట విప్పి విండోస్ టెంప్ ఫోల్డర్లో పరిచి, అక్కడినుంచి నడిచి, మూసేటప్పుడు మళ్లీ ఊడ్చుకుంటుంది. ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఈ సంగతి తెలియనే తెలియదు. జీడి ఆఫీసుల్లో ఉండేవి పాత హార్డ్‌డిస్కులు, 4 జీబీ ర్యామ్, పైన యాంటీవైరస్. విప్పిన ప్రతి ఫైల్‌నీ అది తడిమి చూశాకే వదులుతుంది. గుమస్తాగారు నొక్కుతారు, ఏమీ రాదు. మళ్లీ నొక్కుతారు. ఇంకోసారి నొక్కుతారు. చివరికి అదే ప్రోగ్రాం మూడు విండోలు ఒకదాని మీద ఒకటి తెరుచుకుంటాయి, ఏ విండోలో ఎంట్రీ వేశారో ఆయనకే తెలియదు.

దీనికి మా కరెంటు తోడు. మూసేటప్పుడు ఊడ్చుకుంటుందని చెప్పాను కదా, అది పద్ధతిగా మూస్తేనే. ప్రోగ్రాం మధ్యలో చచ్చిపోయినా, టాస్క్ మేనేజర్లో చంపినా, కరెంటు పోయినా ఆ ఫోల్డర్ అలాగే ఉండిపోతుంది. ఆఫీసుల్లో యూపీఎస్ ఉంటుంది, దాన్లో బ్యాటరీ పనిచేయదు. ఒక యూనిట్‌లో సి డ్రైవ్ నిండిపోయిందని పిలిస్తే వెళ్లి టెంప్ ఫోల్డర్ తెరిచి చూశాను. ఎంఇఐ అనే మూడక్షరాలు, వాటి వెనక ఏవో అంకెలు. అలాంటి పేర్లతో ఫోల్డర్లు పైనుంచి కిందిదాకా వరసకట్టి ఉన్నాయి. ఒక్కోదాన్లో అవే డీఎల్‌ఎల్‌లు (ప్రోగ్రాంకి కావాల్సిన విండోస్ లైబ్రరీ ఫైళ్లు), అదే పైథాన్. తేదీలు చూస్తూ పోతే ఏయే రోజుల్లో కరెంటు పోయిందో చెప్పేయొచ్చు. విద్యుత్ శాఖ దగ్గర కూడా అంత పక్కా రికార్డు ఉండదేమో!

ఇంతకంటే ప్రమాదం ఇంకోటుంది. డేటాబేస్ ఫైల్‌ని ప్రోగ్రాం పక్కనే పెట్టడం చాలామందికి అలవాటు, అంటే స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ ఏదో కనుక్కుని అందులో రాయడం. వన్‌ఫైల్‌లో ఆ ఫోల్డర్ అంటే టెంప్‌లో పరిచిన తాత్కాలిక ఫోల్డరే. పొద్దున్న బస్తాలన్నీ ఎక్కిస్తారు, కూలీలు ఎక్కిస్తారు, అన్నీ స్క్రీన్ మీద కనిపిస్తాయి. సాయంత్రం మూసి మర్నాడు తెరిస్తే అంతా ఖాళీ. ఎర్రర్ కూడా రాదు. లోగో, ఫాంటు, గ్రేడ్ల పట్టిక లాంటి చదవడానికి మాత్రమే ఉండే ఫైళ్లని యాడ్ డేటా ఆప్షన్‌తో లోపల పెట్టండి, తప్పులేదు. మారే డేటా మాత్రం బయట, విండోస్ ప్రోగ్రాముల డేటా ఉండే యాప్‌డేటా ఫోల్డర్లోనో డి డ్రైవ్‌లోనో, చోటు చూపించి రాయించాలి.

అందుకే నేను వాడేది ఫోల్డర్ పద్ధతి, వన్‌డిర్ అంటారు. ఏమీ చెప్పకపోతే పైఇన్‌స్టాలర్ చేసేది కూడా అదే. ఇందులో విప్పడం, పరచడం ఉండదు, నొక్కగానే లేస్తుంది. ఒకప్పుడు దీనితో ఒక చిరాకు ఉండేది: డీఎల్‌ఎల్‌ల గుంపులో మన ఈఎక్స్‌ఈ ఎక్కడుందో వెతుక్కోవాలి. 2023లో వచ్చిన 6.0 వర్షన్‌తో ఆ బాధ తీరింది. మిగతావన్నీ ఇంటర్నల్ అనే లోపలి ఫోల్డర్లోకి పోయాయి, పైన ఈఎక్స్‌ఈ ఒక్కటే కనిపిస్తుంది. ఆ ఫోల్డర్‌ని ఇన్నో సెటప్ అనే టూల్‌తో ఇన్‌స్టాలర్‌గా చుట్టి ఇస్తాను. డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ అదే పెడుతుంది, తీసేయాలంటే అన్‌ఇన్‌స్టాల్ కూడా ఉంటుంది. ఓనరు చేతికి వెళ్లేది చివరికి ఒకే సెటప్ ఫైల్. వన్‌ఫైల్ కావాలని పట్టుబట్టేవాళ్లకి నిజానికి కావాల్సింది ఇదే.

ఇక యాంటీవైరస్. దీని గురించి ఎంత తిట్టినా తక్కువే. ఒక పొద్దున్న గుమస్తాగారి ఫోన్: "ఏటమ్మా, నువ్విచ్చిందాన్ని కంప్యూటరు మింగీసింది. నిన్న ఉన్నాది, ఇయ్యాల లేదు!" చూస్తే రాత్రి అప్‌డేట్ అయిన యాంటీవైరస్ మా ఈఎక్స్‌ఈని ట్రోజన్ అని పట్టుకెళ్లి క్వారంటైన్‌లో పడేసింది. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పైఇన్‌స్టాలర్‌తో కట్టిన ప్రోగ్రాములన్నిటికీ బూట్‌లోడర్ ఒకటే. వైరస్‌లు రాసేవాళ్లూ ఇదే వాడతారు. దాని గుర్తు పట్టుకుని కూర్చున్న యాంటీవైరస్‌కి వైరస్ అయినా ఒకటే, పీలింగ్ కూలీ లెక్క అయినా ఒకటే. బూట్‌లోడర్‌ని సోర్స్ నుంచి మన కంప్యూటర్లోనే కంపైల్ చేసుకుంటే చాలాసార్లు గొడవ సద్దుమణుగుతుంది. సైజు తగ్గించే యూపీఎక్స్ జోలికి పోకపోవడం మంచిది. ఫోల్డర్ పద్ధతిలో ఈ అనుమానాలు నా అనుభవంలో తక్కువే. డబ్బు పెట్టి, ప్రోగ్రాం ఎవరు చేశారో చూపించే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు గానీ, నేను ఒక యూనిట్ దగ్గర తీసుకునే సొమ్ము దానికే పోతుంది.

పాత విండోస్ వాళ్లకి ఒక మాట. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి రేకులు లేచిపోయి కంప్యూటర్లు తడిసిన చోట, అప్పుడు దొరికిన సెకండ్‌హ్యాండ్ సిస్టమ్‌లతో ఇంకా బండి లాగిస్తున్నవాళ్లు ఉన్నారు. వాటిలో ఉండేది విండోస్ 7. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు, కాబట్టి వీళ్ల కోసం 3.8 మీద కట్టాలి. విండోస్ 7 మీద నడవాలి గానీ అధికారికంగా మా సపోర్టు 8 నుంచే అని పైఇన్‌స్టాలర్ వాళ్లూ ముందే చెప్పేశారు. 32 బిట్ మిషన్ అయితే 32 బిట్ పైథాన్‌తోనే కట్టాలి. లైనక్స్‌లో కూర్చుని విండోస్‌కి కట్టడం కుదరదు, ఏ సిస్టమ్‌లో కడితే ఆ సిస్టమ్‌కే వస్తుంది. ఇందుకోసమే ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంచాను. దాని చప్పుడు భరించలేక మా అమ్మ దాన్ని వంటింటి పక్క గదిలోకి తోసేసింది.

సైజు గురించి ఫిర్యాదు చేసేవాళ్లు ముందు తమ ఇంపోర్టులు చూసుకోవాలి. ఉత్త టికింటర్ ప్రోగ్రాం వన్‌ఫైల్‌లో 10 ఎంబీ దరిదాపుల్లో వస్తుంది. ఒక ఎక్సెల్ షీటు చదవడానికి పాండాస్ లైబ్రరీ తగిలిస్తే దాని వెనకే నంపై, అందరూ దిగుతారు, సైజు ఎన్నో రెట్లవుతుంది. ఆ పనికి ఓపెన్‌పైఎక్సెల్ అనే లైబ్రరీ చాలు. కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (విడిగా పెట్టుకునే ఖాళీ పైథాన్ చోటు) కావాల్సినవే ఎక్కించి కడితే ఇంకా తేలిక.

కన్సోల్ లేకుండా కడితే నల్ల విండో కనిపించదు, బావుంటుంది. ఏదైనా పేలితే అన్‌హాండిల్డ్ ఎక్సెప్షన్ అని ఒక డబ్బా వస్తుంది. దాన్ని గుమస్తాగారు వాట్సాప్‌లో ఫొటో తీసి పంపుతారు, సగం ట్యూబ్‌లైట్ వెలుగు, సగం ఆయన వేలు. అందుకని ఎర్రర్లు ఫైల్లోకి రాసే ఏర్పాటు ముందే చేసుకుంటాను.

పైఇన్‌స్టాలర్ లైసెన్స్ జీపీఎల్ (పంచితే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్స్) అయినా, దానితో కట్టిన ప్రోగ్రాం అమ్ముకోవడానికి ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చారు, భయం లేదు. మీ కోడ్ ఎవరూ చూడకూడదంటే మాత్రం ఇది మీకు కాదు. లోపలి బైట్‌కోడ్‌ని (పైథాన్ నడపడానికి మార్చుకున్న మన కోడ్) బయటికి తీయడం తెలిసినవాళ్లకి పెద్ద పని కాదు, పేరుకి ఉన్న ఎన్‌క్రిప్షన్ ఆప్షన్ కూడా 6.0లో తీసేశారు. అలాంటివాళ్లు న్యూట్కా చూడండి. అది పైథాన్‌ని సి లోకి మార్చి కంపైల్ చేస్తుంది. సి కంపైలర్ ఉండాలి, ఓపికా ఉండాలి.

మార్కులేయమంటే 5కి 4. కోసిన ఆ ఒక్కటీ యాంటీవైరస్‌కి. అది పైఇన్‌స్టాలర్ తప్పు కాదని నాకూ తెలుసు, కానీ ఫోన్ వచ్చేది నాకు.