కిడ్నీ క్యాన్సర్‌లో రక్తం తగ్గితే: ఎక్కించడమా, ఐరనా, ఈపీవో ఇంజెక్షనా?

"హీమోగ్లోబిన్ 7.6కి వచ్చింది డాక్టరు గారూ, రక్తం ఎక్కించమంటారా, ఇంజెక్షన్లతో సరిపోతుందా?" ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌కి మందులు వాడుతున్నవాళ్ళ ఇళ్ళనుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట వివరంగా రాస్తే మేలనిపించింది. స్టేజీల గురించి, స్కాన్ల గురించి మీకు తెలిసే ఉంటుంది కనుక నేరుగా విషయానికి వస్తాను.

ఈ ప్రశ్న వెనక చాలాసార్లు డయాలసిస్ చేయించుకునే బంధువో, పక్కింటివారో ఉంటారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు కుటుంబాలకైతే ఈపీవో ఇంజెక్షన్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈపీవో అంటే ఎరిత్రోపోయిటిన్, ఎర్ర రక్తకణాలు తయారుచేయమని చెప్పే హార్మోన్. పాడైపోయిన కిడ్నీ దాన్ని తగినంత తయారుచేయలేదు. బయటినుంచి ఇస్తే రక్తం పెరుగుతుంది. ఇదీ కిడ్నీ జబ్బే కదా, ఆ మందే ఎందుకు రాయరని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇక్కడ రక్తం తగ్గే దారి చాలామందిలో వేరుగా ఉంటుంది.

కిడ్నీ క్యాన్సర్ గడ్డ ఒంట్లో ఎడతెగని ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) పుట్టిస్తుంది. దాంతో ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రొటీన్ పెరుగుతుంది. దాని మాట విని లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్‌ని ఎక్కువగా వదులుతుంది. హెప్సిడిన్ పెరిగితే పేగులోంచి ఐరన్ రక్తంలోకి రాదు, ఒంట్లో నిల్వ ఉన్నదీ కదలదు. కొట్టు నిండా బియ్యం ఉండి తాళంచెవి పోయినట్టన్నమాట. ఇక మూత్రంలో రక్తం పోతున్నవాళ్ళకి ఆ నిల్వ కూడా కరిగిపోతూ ఉంటుంది. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండడం కూడా మామూలే.

అదే ఇంటర్‌ల్యూకిన్-6 ప్లేట్‌లెట్లను పెంచుతుంది. అందుకే వీళ్ళ రిపోర్టులో హీమోగ్లోబిన్ తక్కువగా, ప్లేట్‌లెట్లు ఐదారు లక్షలుగా కనిపించవచ్చు. డెంగీ రోజుల అలవాటుతో బొప్పాయి ఆకు రసం పట్టిస్తున్నారు కొందరు. దయచేసి పట్టించకండి. సునిటినిబ్‌లాంటి కిడ్నీ క్యాన్సర్ మందులతో ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు కూడా చేయాల్సింది డోసు చూసుకోవడమే.

ఏది మేలన్న ప్రశ్నకి నా దృష్టిలో జవాబు తేల్చేది హీమోగ్లోబిన్ అంకె కాదు. ట్రాన్స్‌ఫెర్రిన్ శాచురేషన్, అంటే రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండి ఉందో చెప్పే పరీక్ష. చాలామంది ఐరన్ నిల్వని చూపే ఫెర్రిటిన్ ఒక్కటే చేయించి, 400 వచ్చింది, ఐరన్ దండిగా ఉందని ఊరుకుంటారు. ఆరోగ్యవంతుడిలో ఆ మాట నిజమే. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నచోట ఫెర్రిటిన్ దానంతటదే పెరుగుతుంది, నిల్వ సంగతి సరిగ్గా చెప్పదు. ఫెర్రిటిన్ 30 కంటే తక్కువైతే లోటు ఖాయం. 100 లోపు ఉన్నా క్యాన్సర్ రోగిలో అనుమానించాల్సిందే. అంతకంటే ఎక్కువున్నప్పుడు శాచురేషన్ చూడాలి. అది 20 శాతం లోపు ఉంటే, నిల్వ ఎంతున్నా రక్తం తయారయ్యే ఎముక మజ్జకి ఐరన్ సరిగా అందడం లేదని అర్థం. ఈ పరీక్షకి రక్తం ఎక్కించక ముందే శాంపిల్ తీయాలి. ఒక్కో యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ లోపలికి వెళ్తుంది. వెంటనే పరీక్ష చేస్తే లెక్కలు తారుమారవుతాయి. హడావుడిలో బ్లడ్ బ్యాంకుకి పరిగెత్తేవాళ్ళు మర్చిపోయేది ఇదే, తర్వాత అందరినీ చీకట్లో వదిలేదీ ఇదే.

రక్తం ఎక్కించడం గురించి. ఆయాసం, గుండెదడ, కళ్ళు తిరగడం ఉన్నప్పుడు దీనికి సాటి వచ్చేది లేదు. ఒక యూనిట్‌కి హీమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరుగుతుంది, అదీ అదే రోజు. నిలకడగా ఉన్న మనిషికి 7 కంటే తగ్గితేనూ, గుండెజబ్బు ఉన్నవాళ్ళకి 8 దగ్గరా ఎక్కించడం వాడుక. అయితే పెరిగింది నిలవదు, కారణం అలాగే ఉంటుంది కాబట్టి. ఒక కిడ్నీ తీసేసినవాళ్ళలో, పెద్ద వయసువాళ్ళలో ఒకేసారి రెండు మూడు యూనిట్లు ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. ఒక యూనిట్, నెమ్మదిగా, మళ్ళీ చూసి ఇంకొకటి. దాతలు ముగ్గురు సిద్ధంగా ఉన్నారు కదా అని మూడూ ఎక్కించమని పట్టుబట్టకండి.

ఇక్కడ ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. ఈ జబ్బు తీవ్రతను అంచనా వేయడానికి డాక్టర్లు వాడే ఐఎండీసీ స్కోరులో ఆరు అంశాలున్నాయి. వాటిలో నాలుగు రక్తపరీక్షలే: హీమోగ్లోబిన్ తగ్గడం, కాల్షియం, న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు), ప్లేట్‌లెట్లు పెరగడం. మరి రక్తం ఎక్కించి హీమోగ్లోబిన్ పెంచితే స్కోరు మెరుగవుతుందా? మెరుగవదు. ఆ అంకె గడ్డ ఒంట్లో చేస్తున్న పనికి గుర్తు మాత్రమే. క్యాన్సర్ మందు పనిచేసి గడ్డ తగ్గినప్పుడు హీమోగ్లోబిన్ తనంతట తాను లేస్తే, అది మాత్రం నిజంగా సంతోషించాల్సిన సంగతి.

ఈపీవో ఇంజెక్షన్ విషయంలో నేను వెనకాడతాను, ఆ మాట దాచను. క్యాన్సర్ రోగుల్లో దీనివల్ల రక్తం గడ్డలు కట్టడం, కొన్ని క్యాన్సర్లలో జబ్బు ముదరడం కనిపించడంతో 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందు లేబుల్‌లో గట్టి హెచ్చరిక పెట్టించింది. క్యాన్సర్‌లో దీనికి అనుమతి ఉన్నది కీమోథెరపీ వల్ల రక్తం తగ్గినవాళ్ళకి, అదీ హీమోగ్లోబిన్ 10 లోపు ఉన్నప్పుడు. కిడ్నీ క్యాన్సర్‌కి ఇప్పుడు వాడే పజోపనిబ్, కాబోజాంటినిబ్, నివోలుమాబ్ లాంటివి ఆ కోవలోకి రావు. పైగా ఈ క్యాన్సర్‌కి రక్తనాళాల్లోకి పాకే గుణం ఉంది. గడ్డ కిడ్నీ సిరలోకి, అక్కడినుంచి పెద్ద సిర ఐవీసీలోకి పెరగడం ఈ జబ్బులో బాగా తెలిసిన విషయం. అలాంటి ఒంట్లో రక్తం గడ్డకట్టే అవకాశాన్ని ఇంకా పెంచడం నాకు మింగుడుపడదు. పజోపనిబ్ లాంటి మాత్రలు బీపీ పెంచుతాయి, ఈపీవో కూడా పెంచుతుంది. మినహాయింపు ఒకటుంది: మిగిలిన కిడ్నీ కూడా బాగా దెబ్బతిని డయాలసిస్ దాకా వచ్చినవాళ్ళు. వాళ్ళలో లోటు నిజంగా ఎరిత్రోపోయిటిన్‌దే. అప్పుడు కిడ్నీ డాక్టరు, క్యాన్సర్ డాక్టరు కలిసి కూర్చుని, వీలైనంత తక్కువ డోసుతో, 11 దాటనివ్వకుండా ఇవ్వొచ్చు.

నా మొగ్గు సెలైన్‌లో కలిపి ఎక్కించే ఐరన్ వైపు, శాచురేషన్ తక్కువగా ఉన్న ప్రతివాళ్ళలోనూ. ఐరన్ మాత్రలకి దారి పేగే, ఆ దారిని హెప్సిడిన్ మూసేస్తుంది. సిరలోంచి ఇస్తే పేగుతో పనిలేదు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ మందు ఒక్క పూటలో 1000 మిల్లీగ్రాముల దాకా ఇవ్వొచ్చు, పావుగంట పని. పాత ఐరన్ సుక్రోజ్ అయితే 200 చొప్పున ఐదుసార్లు తిరగాలి, ధర మాత్రం తక్కువ. ఫలితం కనపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ ఓపిక కావాలి. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఇవ్వరు. కార్బాక్సీమాల్టోజ్ తర్వాత ఫాస్ఫేట్ పడిపోయి నీరసం ఇంకా పెరగవచ్చు. రక్తం పెరిగినా మనిషి లేవలేకపోతుంటే ఆ పరీక్ష అడగండి. ఇన్‌ఫ్లమేషన్ మరీ ఎక్కువగా ఉంటే ఇచ్చిన ఐరన్ కూడా నిల్వలోకే పోతుంది. అప్పుడు మేలు తక్కువే, గడ్డకి మందు పనిచేయాల్సిందే.

ఐరన్ మాత్రలు, సిరప్: మూత్రంలో రక్తం పోయి ఫెర్రిటిన్ బాగా తగ్గిన, ఇన్‌ఫ్లమేషన్ లేని కొద్దిమందికి. బీట్‌రూట్, ఖర్జూరం: తినాలనిపిస్తే తినండి, చికిత్స అనుకోకండి.

మూడింటిలో ఏదీ సరిపోని సందర్భాలు కూడా ఉన్నాయి. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మీద ఉన్నవాళ్ళకి కళ్ళు పచ్చబడి, హీమోగ్లోబిన్ రోజుల్లోనే పడిపోతే, అది సొంత రక్తకణాలను ఒళ్ళే విరగ్గొట్టుకోవడం కావచ్చు. అరుదు, కానీ ఆగకూడదు. దాన్ని పట్టే కూంబ్స్ రక్తపరీక్ష, స్టెరాయిడ్లు కావాలి, ఐరన్ కాదు. ఇక బెల్జుటిఫాన్ అనే కొత్త మాత్ర, 2023 డిసెంబరులో అమెరికాలో ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌కి అనుమతి పొందింది, పనిచేసే తీరులోనే రక్తం తగ్గిస్తుంది. అది అడ్డుకునే హెచ్ఐఎఫ్-2 ఆల్ఫా అనే ప్రొటీనే ఎరిత్రోపోయిటిన్ తయారీకి ఆజ్ఞ ఇచ్చేది. అక్కడ మొదట చేయాల్సింది మాత్ర కొన్నాళ్ళు ఆపడం, డోసు తగ్గించడం. అవసరమైతే రక్తం ఎక్కించడం.

కొందరికి దీనికి పూర్తిగా తిరగబడి హీమోగ్లోబిన్ 17, 18 ఉంటుంది. గడ్డే ఎరిత్రోపోయిటిన్ తయారుచేస్తే అలా జరుగుతుంది. ఆక్సిటినిబ్ లాంటి మందు మీద కూడా పెరగవచ్చు. వాళ్ళకి ఐరన్ ఉన్న టానిక్కులన్నీ ఆపించి, నీళ్ళు బాగా తాగమని చెప్పి, రక్తం చిక్కబడి తలనొప్పి, చూపు మసక లాంటివి ఉంటే కొంత రక్తం తీయించాలా అని వాళ్ళ డాక్టరుని ఆ వారంలోనే అడగమంటాను.