మూడేళ్ల స్టీలు కప్పు, దాని మూతలో రెండు గ్రాముల రింగు

కప్పుతో నాకు పేచీ లేదు. పేచీ అంతా మూతలో ఉండే రబ్బరు రింగుతోనే. బయట కాఫీ తాగేటప్పుడు పేపర్ కప్పు వాడకూడదని వెంట తిప్పుకునే 350 మి.లీ. డబుల్ వాల్ (రెండు పొరల గోడ) స్టీలు కప్పు అది, అడుగున 304 (సులువుగా తుప్పు పట్టని స్టీలు రకం) అని గుర్తున్నది. మూడేళ్లుగా వైజాగ్ ఉప్పు గాలిలో తిరుగుతున్నా లోపల ఒక్క మచ్చ పడలేదు. మూత బిగించే మరల దగ్గర మాత్రం ఆవగింజంత తుప్పు చుక్క. (కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడమంటారు గానీ దాన్ని నమ్మలేం. అచ్చులో వంచిన చోట 304 కూడా కాస్త అంటుకుంటుంది.)

రింగు సంగతికొద్దాం. మూత లోపలి గాడిలో తెల్లటి సిలికాన్ రింగు ఉంటుంది. డికాషన్ ఒక్కటే తాగేవాళ్లకు దాంతో పెద్ద ఇబ్బంది లేదు. పాల కాఫీ పోసి బ్యాగులో పడుకోబెడితే ఒకటి రెండు చుక్కలు రింగు వెనక్కి దూరతాయి. పైపైన కడిగితే అవి పోవు. మన ఉక్కకి రెండో రోజుకే పులిసిన వాసన, వారం తిరిగేసరికి నల్ల చుక్కలు, అంటే బూజు. పైగా సిలికాన్ వాసనల్ని పీల్చి దాచుకుంటుంది, సబ్బు వాసనతో సహా. గిన్నెల సబ్బు ఎక్కువ పట్టిస్తే మర్నాటి కాఫీలో నిమ్మకాయ వాసన తగిలేది అందుకే.

పనిచేసిన పద్ధతి ఇది. రోజూ సాయంత్రం రింగు బయటికి తీయాలి. చాకుతో తీస్తే గాటు పడి అక్కణ్నుంచే కారుతుంది, స్పూను కాడ చాలు. చన్నీళ్లలో వేళ్లతో రుద్ది కప్పు, మూత, రింగు మూడూ విడివిడిగా రాత్రంతా ఆరనివ్వాలి. తడి మీద మూత బిగించి పెట్టడమే అందరూ చేసే తప్పు. వారానికోసారి గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు వంటసోడా వేసి అరగంట నానబెట్టాలి. బోరు నీళ్ల తెల్ల పొర పట్టితే రెండు చెంచాల వెనిగర్‌తో పావుగంట. ఈ రెండూ ఒకేసారి కలిపితే నురగ తప్ప పనేమీ జరగదు. బ్లీచింగ్ నీళ్లు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. క్లోరిన్ స్టీలును సూది గుంటలు పడేలా తినేస్తుంది.

ఇంత చేసినా పద్నాలుగో నెలలో రింగు సాగిపోయింది. వేడికీ పాలలోని వెన్నకీ ఉబ్బి, రోజూ లాగడంతో వదులై, గాడిలో అలలా లేచింది. మూత ఎంత బిగించినా ఓ పక్క నుంచి చుక్కలు. అమ్మిన కంపెనీ రింగు విడిగా ఇవ్వదట, మూత మొత్తం కొనాలట. తీరా చూస్తే ఆ మూత స్టాకులో లేదు. రెండు గ్రాముల రింగు కోసం 270 గ్రాముల స్టీలును పాత సామాన్ల బండిలో వేయాలన్నమాట. పర్యావరణం పేరు చెప్పి అమ్మే వస్తువులో ఇంతకంటే పెద్ద లోపం నాకు కనపడలేదు.

చివరికి సీసా మూతలకూ కుక్కర్లకూ వాషర్లు అమ్మే కొట్టులో దొరికింది. సాగిన పాత రింగును కొలిస్తే లెక్క తప్పుతుంది, మూతలోని గాడినే దారంతో కొలవాలి. నా మూతకు లోపలి వ్యాసం 68 మి.మీ., మందం 3 మి.మీ. సరిపోయింది. 2.5 వేస్తే కారింది, 3.5 వేస్తే మూత చివరిదాకా తిరగలేదు. ఫుడ్ గ్రేడ్ సిలికానే తీసుకోవాలి. మామూలు నల్ల రబ్బరు వేడికి వాసన వదులుతుంది.

రింగు మీద ఇంత రాద్ధాంతం దేనికంటే, కప్పు పర్యావరణానికి మేలా కీడా అన్నది దాన్ని ఎన్నిసార్లు వాడాం, ఎలా కడిగాం అన్నదాని మీదే ఉంటుంది. కెనడాలోని విక్టోరియా యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ హాకింగ్ 1994లో వేసిన లెక్కలో, ఒక్క పేపర్ కప్పు తయారీకి పట్టే శక్తి 0.55 మెగాజౌళ్లు (శక్తిని కొలిచే ప్రమాణం), పింగాణీ కప్పుకి 14. డిష్‌వాషర్‌లో ఒకసారి కడగడానికి 0.18 వరకు. అవన్నీ కలిపితే పింగాణీ కప్పు 39 సార్లు వాడాక పేపర్ కప్పుతో సమానమైంది. అయితే ఆయన లెక్కకట్టింది 8 గ్రాములు దాటిన పెద్ద పేపర్ కప్పుకి. మన టీ బండి మీది 100 మి.లీ. కప్పు రెండు మూడు గ్రాములు. అదే నిష్పత్తిలో దాని వాటా 0.16 దరిదాపు. నా స్టీలు కప్పును ఆయన పింగాణీతో సమానమనుకున్నా, చన్నీళ్లతో కడిగితే 85 సార్లు దాటాకే లాభం మొదలు. గీజరు తిప్పామా, అంతే సంగతులు. లీటరు నీళ్లు 28 డిగ్రీల నుంచి 60కి వేడెక్కడానికే 0.13 మెగాజౌళ్లు పోతాయి. మన కరెంటు ఎక్కువగా బొగ్గుదే, బొగ్గు వేడిలో మూడో వంతే కరెంటుగా మారుతుంది. కాబట్టి అసలు ఖర్చు 0.4 దాకా. అంటే ఒక్కసారి లీటరు వేడినీళ్లతో కడగడం రెండు చిన్న పేపర్ కప్పుల పెట్టు!

ఇది శక్తి లెక్క మాత్రమే, చెత్త లెక్క వేరు. 2022 జూలై 1 నుంచి నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ జాబితాలో ప్లాస్టిక్ కప్పులున్నాయి గానీ, లోపల పాలిథిన్ పొర ఉన్న పేపర్ కప్పులు లేవు. ఆ పొర అట్టకు అంటుకుపోయి ఉంటుంది కాబట్టి పాత పేపర్లవాడు కూడా తీసుకోడు. చెత్తబండి ఎక్కితే కాపులుప్పాడ చెత్త యార్డుకు, ఎక్కకపోతే గెడ్డ (వాగు) లోంచి సముద్రానికి. వెదురు కప్పులని అమ్మేవాటిలో చాలావాటికి వెదురు పొడిని పట్టి ఉంచేది మెలమిన్ అనే ప్లాస్టిక్ జిగురు. వేడి కాఫీకి అవి వద్దు.

ఇంకో చికాకు టీ బండి దగ్గర. కప్పు చాపితే చాలాచోట్ల ముందు పేపర్ కప్పులో కొలత పోసి, దాన్ని నా కప్పులో వంపి, ఆ పేపర్ కప్పును డబ్బాలో పడేస్తారు. సిరిపురంలోనూ ఇదే, బీచ్ రోడ్డులోనూ ఇదే. "బాబూ, గాజు గ్లాసుతో కొలిచి పొయ్యి" అని ముందే చెప్పాలి. ఆఫీసు రోజుల్లో రెండేసి చొప్పున మూడేళ్లలో పదిహేను వందల కప్పులు మిగిలాయని గొప్పగా చెప్పుకునేవాణ్ని. అందులో ఇలా పోయినవి తీసేస్తే ఎన్నో నేను ప్రమాణం చేయలేను.

వేడి నాలుగైదు గంటలు నిలుస్తుందని మొదట్లో అందరికీ చెప్పాను. నిలుస్తుంది, నిజమే. కానీ పాల కాఫీ 60 డిగ్రీల కిందికి దిగి గోరువెచ్చగా ఉండిపోతే విరగడానికి అంతకంటే అనువైన చోటు లేదు. ఇప్పుడు పోసిన గంటన్నరలో తాగేస్తున్నాను. ఆ మాత్రానికి డబుల్ వాల్ అవసరమా అంటే, చెయ్యి కాలకుండా ఉండటానికి అవసరమే.

నాకు రోజుకి రెండు కాఫీలు, ఆఫీసులో చన్నీళ్ల కుళాయి ఉన్నాయి కాబట్టి గిట్టుబాటైంది. వారానికి ఒకటి తాగేవాళ్లు కొనక్కర్లేదు, ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసు పట్టుకెళ్తే తయారీ ఖర్చే లేదు. బండివాడు కడిగిన గాజు గ్లాసులో ఇస్తే అది ఇంకా నయం. అయినా కొంటామంటే, డబ్బు కట్టేముందు రింగు విడిగా దొరుకుతుందో లేదో అడగండి. దొరికితే అప్పుడే రెండు తీసి పెట్టుకోండి.